నొప్పుల సూది

గంపను గట్టు మీద దించి తిరుమల దాని పక్కనే కూలబడింది. ఇంటినుంచి బయలుదేరింది మొదలు ఇదే వరస. నాలుగడుగులు వేయడం, చెట్టునో రాయినో పట్టుకుని నిలబడడం.

"జర ఆగుదాం చెల్లె," అంది. ఆ చిన్న మాట పూర్తయ్యేలోపు రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

ఆగడం సరితకు ఇష్టమే. ఆషాఢమంతా పుట్టింట్లో గోళ్లు గిల్లుకుంటూ గడిపి, శ్రావణం రాగానే రేగుంటకు పరుగెత్తుకొచ్చిన కొత్త కోడలు ఆమె. ఏది చూసినా ముద్దొస్తోంది. మడి నీళ్లలో తేలే మబ్బులు, వరుసగా వంగిన నడుములు, అవతలి మడిలో ట్రాక్టరు తోలుతూ తనను చూడనట్టు నటిస్తున్న మొగుడు వినయ్‌కుమార్. కాలి మెట్టె బురదలో జారిపోతుందేమోనని వేళ్లు ముడుచుకుని నడవడం కూడా ఆమెకు ఒక సరదాయే. నవ్వుతూ తోటికోడలి వైపు తిరిగింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

తిరుమల మెడ పక్కన నరం ఎగిరెగిరి పడుతోంది. పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టున్నాయి. నేరేడుపండ్ల కాలం పోయి చాలా రోజులైంది.

"ఓ దొరసానీ!" మడిలోంచి పోశమ్మ కేకేసింది. నాటు వేసే ఆడవాళ్లలో ఆమె నోటికి ఎదురులేదు. "గట్టు మీద కూసోని మా బువ్వకు గాలి ఇసురుతున్నవా ఏంది? మేం నిండు నెలలతోని నాటేసినం. పొద్దున కని మాపటికి పొయ్యి కాడ కూసున్నం!"

వరుసంతా గొల్లుమంది. అత్త యాదక్క కూడా ఆ వరుసలోనే ఉంది. ఆమె నవ్వలేదు. నలుగురిలో కోడలు పలచనైందన్న కోపం ముఖంలోకి పొంగుకొచ్చింది. చేతిలోని నారు కట్టను నీళ్లలోకి విసిరికొట్టింది.

"ఊర్లె లేని కాన్పా ఏందే నీది? లే! ఆకలైతుంది మందికి."

తిరుమల లేచింది. లేవడానికి ముందు గట్టు గడ్డిని గుప్పిట్లో పట్టుకుంది. గంప సరిత ఎత్తుకుంది. అది చూసి మళ్లీ ఎవరో నవ్వారు.

ఆ సాయంత్రం వినయ్‌కుమార్ సిరోంచ బజారునుంచి వేడి మిర్చి బజ్జీలు కాగితంలో చుట్టి, చొక్కా లోపల దాచి తెచ్చాడు. కడుపు మీద ఎర్రగా కందింది కూడా. ఇద్దరూ పశువుల కొట్టం వెనక నిలబడి, నోరు మండుతుంటే ఒకరి ముఖాన ఒకరు ఊదుకుంటూ తిన్నారు. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద విందు ఉంటుందని సరిత అనుకోలేదు. మిగిలినవి తీసుకుని తిరుమల దగ్గరికి పోయింది.

తిరుమల గోడవారన వడ్ల బస్తాకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒక మిర్చి కొరికింది. నమలాలా, గాలి పీల్చాలా అన్నట్టు కాసేపు తడబడి, చివరికి దాన్ని చేతిలోకి తీసేసుకుంది.

"పండుకోరాదక్కా?"

"పండుకుంటే నీళ్లల్ల మునిగినట్టయితది చెల్లె. గిట్ల కూసుంటెనే నయం." పాదాలు చీర కిందికి లాక్కుంది. లాక్కునేలోపే సరిత చూసేసింది. పట్టగొలుసు వాచిన కాలిలోకి దిగిపోయి, పైనుంచి కనబడకుండా ఉంది.

తిరుమల మొగుడు వెంకటేశ్వర్ కట్టెల లారీ నడుపుతాడు. ఏటపల్లి వైపు పోయి, వాగు పొంగడంతో అక్కడే చిక్కుకున్నాడు. ఇక చెప్పుకోవలసింది అత్తకే.

"అత్తమ్మా, అక్కకు ఊకె దమ్మొస్తుంది. గుండె చూపియ్యాలె."

"నెలలు నిండినంక ఎవలికి రాదే దమ్ము?" యాదక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నువ్వు సదువుకున్నవు. మంచిదే. నేను నలుగుర్ని కన్న."

కానీ తెల్లవారేసరికి యాదక్క మాట మారింది. తిరుమల రెండు చేతులూ నేలకానించి, ముందుకు వంగి దగ్గుతోంది. దగ్గు ఆగితే గొంతులో గురగుర. యాదక్క ఆమె వీపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది, వేడి గిన్నెను తాకినట్టు.

"వినయ్! జీపు మాట్లాడు. ఉరుకు!"

*

సిరోంచలో బజారు వెనక వీధిలో ఒక ప్రైవేటు ప్రసూతి దవాఖాన ఉంది. డాక్టర్ కాశీనాథ్ ఊరివాడే, తెలుగు బాగా వచ్చు. ఆ పూట అప్పటికే ఒక కాన్పు చేసి అన్నం తినడానికి ఇంటికి పోయాడు. ఉన్నది నర్సు నందిత. వర్ధా వైపునుంచి వచ్చి నెల కాలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు. పిల్ల మాత్రం చురుకు, ముఖంలో నవ్వు. తిరుమలను మంచమెక్కించి దిండు సర్ది, నొసటి చెమట తుడిచింది. ఆ తుడవడం చూసి సరిత మనసు కుదుటపడింది.

"చాయ తెస్త అత్తమ్మా," అని మొగుడితో బయటికి నడిచింది. నాగపూర్లో ఎమ్మెస్సీ చదివిన ఆమెకు మరాఠీ బాగా వచ్చు. అయినా ఇక్కడ తన అవసరమేమీ ఉండదనే అనుకుంది. హోటల్లో ఒక్క గ్లాసే తీసుకుని, సగం అతను, సగం ఆమె. వినయ్‌కుమార్ కావాలనే ఆమె పెదవి తగిలిన వైపు తిప్పి తాగాడు. ఆమె సిగ్గుపడి మోచేత్తో పొడిచింది.

తిరిగి వచ్చేసరికి మంచం పక్కన సీసా వేలాడుతోంది. గొట్టంలో చుక్కలు గబగబా రాలుతున్నాయి. తిరుమల కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు. చెయ్యి మాత్రం గాలిలో దేనికోసమో వెతుకుతోంది.

"ఏ మందు ఇది?" సరిత మరాఠీలో అడిగింది.

"నొప్పులు పెరగడానికి," అంది నందిత. పగిలిన చిన్న గాజుబుడ్డిని చూపించింది. "మీ అత్తగారే చెప్పారు. ఎన్నో రోజులుగా కళా వస్తున్నాయట. పొట్ట కూడా గట్టిపడుతోంది. దారి మాత్రం తెరుచుకోలేదు. అట్లా ఆగిపోతే ఈ మందు పెట్టమని డాక్టరుగారు చెప్పి ఉంచారు."

సరిత గిర్రున అత్త వైపు తిరిగింది. "అత్తమ్మా, సిస్టర్ నిన్నేమడిగింది?"

"ఏమడుగుతది? కళ వస్తుందా అనడిగింది. 'కళా యేతాత్ కా' అన్నది. హో, హో, లయీ కళ, మస్తు కళ ఉన్నదన్న. ఎన్నటిసంది అన్నది. లయీ దివస్, శాన రోజులాయెనన్న." యాదక్క కొంచెం గర్వంగానే చెప్పింది. బజారు మరాఠీ తనకూ వచ్చునని. "నెలలు నిండిన పిల్లకు ముఖంల కళ రాదా మరి? నిండు నెలల దానికి కళ లేదంటమా?"

సరితకు అప్పుడు అర్థమైంది. మరాఠీలో కళా అంటే పురిటి నొప్పులు. తిరుమలకు అసలు నొప్పులే మొదలు కాలేదు. ఉన్నదల్లా ఆయాసం. దాని గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

గాజుబుడ్డి మీద చిన్న అక్షరాలు. ఆక్సిటోసిన్. తొమ్మిది అమైనో ఆమ్లాల బుల్లి గొలుసు. ఆడదాని తలలో దానంతటదే తయారయ్యే హార్మోను. నాగపూర్ ల్యాబులో ఒకరోజు ఆ మందును ఆమె తన చేత్తో చుక్కలుగా వేసింది. ఆపరేషన్లో తీసి పారేయవలసిన మనిషి గుండె ముక్క ఒకటి, బియ్యపు గింజంత సన్నది, గోరువెచ్చని ఉప్పునీళ్లలో దారానికి వేలాడుతోంది. కరెంటు తగిలినప్పుడల్లా ముడుచుకుంటోంది. ముడుచుకున్నప్పుడల్లా తెర మీద ఒక గుట్ట లేస్తోంది. మందు వేసినా గుట్ట పెరగలేదు, తరగలేదు. ఏమీ కాలేదేమని ఆమె నిరాశపడితే పాఠం చెప్పే మేడమ్ నవ్వి ఒక మాట అంది. "ఆ ముక్కకు శరీరం లేదు సరితా. అది దాని అదృష్టం. ఇదే మందు మనిషికి ఒక్కసారిగా ఎక్కిస్తే రక్తనాళాలన్నీ వదులై బీపీ పడిపోతుంది. గుండె పరుగెత్తాలి. పరుగెత్తలేని గుండె అయితే?"

సరిత ఇంకేమీ ఆలోచించలేదు. సీసా గొట్టం మీది చక్రాన్ని కిందికి తిప్పేసింది. చుక్క ఆగింది.

"ఏం చేస్తున్నారు!" నందిత ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. "మీరు డాక్టరా?"

"కాను. ఆమెకు నొప్పుల్లేవు. మా అత్త చెప్పింది ముఖంలో కళ గురించి, తెలుగు కళ. మీరు విన్నది మీ కళా. ఆమెకు ఊపిరి ఆడడం లేదు, చూడండి! లేపండి, కూర్చోబెట్టండి!"

"పేషెంటుకు ఏమన్నా అయితే జవాబు నేను చెప్పాలి," అంటూ నందిత చక్రం మీద చెయ్యి వేయబోయింది. సరిత తన చెయ్యి తీయలేదు. ఇద్దరి చేతుల ఆకుపచ్చ గాజులూ ఒకదానికొకటి తగిలి టక్కుమన్నాయి. అప్పుడే తిరుమల దగ్గింది. పెదవి చివర లేత గులాబీ రంగు నురుగు. దాన్ని చూడగానే నందిత చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. తానే తిరుమల చంకల కింద చేతులు వేసి లేపింది. కాళ్లు మంచం కిందికి వేలాడదీసింది.

"వినయ్! డాక్టర్ని పట్టుకరా!" సరిత అరిచింది. కొత్త కోడలు మొగుణ్ని పేరు పెట్టి పిలవడం యాదక్క వినడం అదే మొదలు. ఆమెకు అది పట్టనే లేదు. "ఏమైంది బిడ్డా? నేనేమన్న? కళ ఉన్నదనే గద అన్న!" అని గోడకు చెప్పుకుంటున్నట్టు అంటోంది.

*

కాశీనాథ్ చేతికి పప్పు మెతుకులు అంటుకుని ఉండగానే వచ్చాడు. జరిగింది సరిత చెప్పింది. ఆయన ముందు ఒంట్లోని నీరు తీసే సూది ఇచ్చాడు, ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టాడు. తర్వాత తిరుమలను ఎడమ పక్కకు వంచి, రొమ్ము కింద స్టెతస్కోపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తీయలేదు.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జరమొచ్చిందా బిడ్డా?"

తిరుమల ఔనన్నట్టు తలాడించింది.

"గుండెల ఎడమ పక్క రెండు అరలుంటయ్," అన్నాడు యాదక్కతో. "ఆ జరంతోని వాటి నడుమ తలుపు బిగుసుకపోయింది. పైఅరలకెల్లి కిందిఅరలకు రక్తం దిగాలంటే జర టైం కావాలె. గుండె ఉరికిందనుకో, దిగే టైం ఉండది. రక్తం ఎనకకు తన్ని ఊపిరితిత్తులల్ల ఊరుతది. ఊకె ఉన్నప్పుడే కష్టం. ఆ సూది ఇంక జర సేపు పోయుంటే..." నందిత వైపు తిరిగి మరాఠీలో మెల్లగా అన్నాడు. "నువ్వొక్కదానివే కాదు. ఛాతీ వినమనకుండా సూది పెట్టమని చెప్పి ఉంచింది నేను."

నందిత తల వంచుకుంది. ఆమె కంటినుంచి నీటిచుక్క జారి ట్రేలో పడింది.

చంద్రాపూర్ పంపాలన్నాడు డాక్టరు. వినయ్‌కుమార్ బస్టాండుకు పరుగెత్తి తిరిగొచ్చాడు. వాగు వంతెన మీదుగా నీళ్లు పోతున్నాయి, చంద్రాపూర్ దారిలోని ఆష్టి వైపు ఒక్క బండి కూడా కదలడం లేదు. అటు గోదావరి, ఇటు ప్రాణహిత, రెండూ ఒడ్డు దాటాయి. పడవలు కట్టేశారు. ఎటు పోవాలన్నా నీళ్లే.

తిరుమలకు ఊపిరి కొంచెం తేరుకుంది. సరిత చెయ్యి పట్టుకుంది. "నేను బతుకుతనా చెల్లె?"

సరిత ఆ చేతిని చెంపకు ఆనించుకుంది.

గుమ్మం దగ్గర నందిత ఆమెను ఆపి అడిగింది. "తెలుగులో కళాను ఏమంటారు?"

"నొప్పులు."

"నొప్పులు," అని మెల్లగా అనుకుంది నందిత. "నొప్పులు. నొప్పులు."

మరునాడు ఉదయం ఆ మాటే పనికొచ్చింది. "నొప్పులు? నొప్పులు?" అని నందిత అడిగితే తిరుమల పళ్లు బిగబట్టి తలూపింది. ఈసారి నిజమైనవే, వాటంతటవే వచ్చాయి. పడుకోబెట్టే వీలు లేదు, దిండ్లు జారిపోతున్నాయి. యాదక్క చెప్పులు విడిచి మంచమెక్కి, కోడలి వెనక కూర్చుని, తన వీపును గోడకూ, ఎదను కోడలి వీపుకూ ఆనించింది. అలవాటుగా ఆమె నోట మాట వచ్చేసింది. "ముక్కు బిడ్డా, దమ్ము పట్టి ముక్కు!"

"ముక్కద్దు!" కాశీనాథ్ కసిరాడు. "దమ్ము పట్టద్దు. ఊపిరి ఇడువు. బిడ్డను నేను గుంజుత." బిడ్డ తలను పట్టి లాగే చిమటా కోసం చెయ్యి చాచాడు.

ఎందరికో 'ముక్కు' అని చెప్పిన నోరు ఆ తర్వాత ఒక్కటే మాట అంటూ పోయింది. "ఇడువు తల్లీ. ఇడువు. ఇడువు."

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినగానే బయట వినయ్‌కుమార్ తలుపును ముద్దు పెట్టుకున్నాడు, ఎవరూ చూడడం లేదనుకుని.

కానీ రక్తం ఆగలేదు. మంచం కింద పెట్టిన పళ్లెం నిండుతోంది. కాశీనాథ్ కడుపు మీద నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. గర్భసంచి మెత్తగానే ఉంది, ముడుచుకోవడం లేదు. అల్మారా తెరిచి ఒక గాజుబుడ్డి తీశాడు. సరిత దాన్ని వెంటనే గుర్తుపట్టింది.

"సార్, మళ్లీ అదేనా?"

"అదే. నిన్న దీంతోని పని లేకుండె. ఇప్పుడు ఇది లేకపోతే రక్తం ఆగది."

"గుండె ఉరికితే?"

"అందుకే సూదితోని నెట్టను. సీసాల కలిపి ఒక్కొక్క చుక్క ఇడుస్త. నువ్వు నాడి పట్టు. జోరయితే చెప్పు. చక్రం నీ చేతిల పెడుతున్న, నిన్న ఎట్లనో గట్లనే."

సరిత వేళ్లను తిరుమల మణికట్టు మీద పెట్టింది. రెండో చేత్తో నిన్న మూసిన చక్రాన్ని తానే తెరిచింది. చుక్క. ఆగి, ఇంకో చుక్క. వేళ్ల కింద నాడి పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. పెరిగిందా? పెరిగిందనే అనిపించింది. చక్రం తగ్గించింది. రక్తం ఇంకా పోతోంది. మళ్లీ కొంచెం తెరిచింది. ఒక పక్క ప్రాణం కారిపోతోంది, ఇంకో పక్క అదే ప్రాణం పరుగెత్తి పడిపోయేట్టుంది. ఆ రెంటి నడుమ దారి ఒక్క చుక్కంత వెడల్పుంది.

"బిడ్డను రొమ్ముకు పట్టిద్దాం," అన్నాడు డాక్టరు.

"ఇప్పుడేనా?" యాదక్క చేతులు అడ్డం పెట్టింది. "ముర్రుపాలు పిండి పారబొయ్యాలె సారూ. మూడొద్దుల దాక మా ఇండ్లల్ల పట్టియ్యం. పిల్లకు కడుపునొప్పి లేస్తది."

వాదించే సమయం కాదు. సరిత నాడి వదలకుండానే అంది. "అత్తమ్మా, బర్రె ఎప్పుడు పాలు చేపుతది? దూడ మూతి పెడితేనే గద?"

"ఆ, దూడ కుమ్మితేనే చేపుతది."

"ఆ చేపు తెచ్చేది గీ సీసల ఉన్న మందే. బర్రెకైనా మనిషికైనా లోపటనే తయారైతది. పిల్ల నోరు పెడితే అక్క తలలకెల్లి అదే దిగుతది, మెల్లమెల్లగ, గుండెకు ఎంత ఓర్పుంటే అంతనే. దాంతోని గర్భసంచి ముడుచుకుంటది. మనం సీస తక్కువ ఇడువచ్చు."

యాదక్క ఒక్క క్షణం మనవరాలి ముఖాన్ని చూసింది, పళ్లెంలోని రక్తాన్ని చూసింది. నందిత చేతుల్లోంచి పాపను అందుకుని, కోడలి జాకెట్టు తానే విప్పి, ఆ చిన్న నోటిని రొమ్ముకు పట్టించింది. మొదట జారింది. వేలితో చుబుకం నొక్కి మళ్లీ పట్టించింది. పాప చప్పరించింది. తిరుమల ముఖం నొప్పితో ముడుచుకుంది.

"కడుపు పిండినట్టయితుంది అత్తమ్మా."

"పిండనియ్యి తల్లీ," అంది యాదక్క ఆమె నెత్తి మీద చెంప ఆనించి. "ఊపిరి ఇడుసుకుంట కూసో."

కాశీనాథ్ చెయ్యి కడుపు మీదే ఉంది. చాలాసేపటికి, "గట్టిపడుతున్నది," అన్నాడు. పళ్లెంలో చుక్కల చప్పుడు తగ్గింది. సరిత వేళ్ల కింద పరుగు ఆగలేదు, కానీ తడబడడం లేదు. చక్రాన్ని ఇంకొంచెం మూసింది. ఎందుకో అప్పుడు వచ్చింది ఏడుపు. రెండు చేతులూ పనిలో ఉండడంతో కన్నీళ్లను నందిత తుడిచింది.

*

నీళ్లు తగ్గి దారి తెరుచుకోగానే చంద్రాపూర్ తీసుకుపోవాలని, తలుపు వెడల్పు చేసే ఆపరేషన్ సంగతి అక్కడ మాట్లాడాలని డాక్టరు చెప్పాడు. ఇక ముందు బరువులు ఎత్తించొద్దన్నాడు, ఇంకో కాన్పు ఊసెత్తొద్దన్నాడు. వెంకటేశ్వర్ ఏటపల్లినుంచి ఫోను చేసి ఏడ్చాడు. పాప ఏడుపు వినిపిస్తే ఊరుకున్నాడు.

నాట్లు ముగించుకుని పోశమ్మ బాలింతను చూడడానికి దవాఖానకు వచ్చింది. కాళ్లకు ఇంకా మడి బురద వదల్లేదు. కొంగులో గుడ్లు మూటగట్టి తెచ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తే, తిరుమల కూర్చుని ఉంది, ఆమె వెనక యాదక్క వీపు గోడకానించి దిండులా ఉంది. ఎప్పటినుంచి అలా ఉందో, ఒక కాలు తిమ్మిరెక్కి చాపుకుంది.

"ఏందక్కా గిది!" పోశమ్మ నవ్వింది. "అత్తను కుర్సీ చేసుకున్న కోడల్ని గిప్పుడే చూస్తున్న. అదృష్టమంటే నీదేనే పిల్లా! నాట్లయిపోయినయ్, ఇగ లేవచ్చు."

తిరుమల నవ్వబోయి ఊపిరి కోసం ఆగింది. సరిత నోరు తెరిచింది. గుండె అరలు, తలుపు, హార్మోను, అన్నీ గొంతుదాకా వచ్చాయి. కానీ ఆమెకన్నా ముందే యాదక్క చెయ్యి చాచింది.

"ఇట్ల రా పోశమ్మా."

పోశమ్మ దగ్గరికి వచ్చింది. యాదక్క ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కోడలి ఎడమ రొమ్ము కింద పెట్టింది. నారు పీకి పీకి పగిలిన అరచెయ్యి అది. మొదట ఆ చేతికి ఏమీ తెలియలేదు. తర్వాత పోశమ్మ నవ్వు మెల్లగా సద్దుమణిగింది. చెయ్యి ఇంకాస్త గట్టిగా ఆనించింది.

"అవ్వో! గింత ఉరుకుతున్నదేందక్కా? కూసున్న కాడనే?"

యాదక్క తిమ్మిరెక్కిన కాలును మడిచి, కోడలు జారకుండా తన వీపును గోడకు సర్దుకుంది.

"మొన్న గంప నెత్తిన వెట్టుకోని నీకు బువ్వ తెచ్చిననాడు ఇంకా జోరుగ ఉరికింది," అంది. "నాకు ఇనరాలే."